ప్రశ్నలో దాగిన తీర్పు

టెలివిజన్ క్విజ్‌లో ఇలా అడిగారనుకుందాం: "బుక్కరాయసముద్రం చెరువు కోసం ప్రాణత్యాగం చేసిన స్త్రీ ఎవరు?" ముసలమ్మ అన్నవారికి బహుమతి వస్తుంది. కాని ఆ కథ జనశ్రుతి. దానిని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో "ముసలమ్మ మరణం" అనే కావ్యంగా వ్రాశారు. ఆ కావ్యకథ ఏ ఊరిదని అడిగితే జవాబును సరిచూడవచ్చు. "త్యాగం" అన్న మాటను ఎక్కడ సరిచూస్తాం? కట్ట తెగబోతుంటే దేవత బలి కోరిందట. ఒక ఇంటి కోడలు గండిలో దిగిందట. ఊరంతా కోరిన చావు ఆమె ఇష్టమెలా అవుతుంది?

అక్కడివారు ఆమెను నేటికీ కొలుస్తారు. ఆ భక్తిని ఎగతాళి చేయనక్కరలేదు. చరిత్ర అని ముద్ర వేయనూ కూడదు. "కథ ప్రకారం" అన్న రెండు మాటలు చేర్చి, "ప్రాణత్యాగం చేసిన" బదులు "బలి అయిన" అని వ్రాయాలి. జవాబుతోపాటు ప్రశ్ననూ సరిచూడటం ప్రశ్నకర్త బాధ్యత.