దుమ్ములో దీపం ఎవరి బాధ్యత?

పాత కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట గనుల్లో దొరికే ముగ్గురాయి నీటికంటే దాదాపు నాలుగున్నర రెట్లు బరువు. ఆ బరువు కోసమే చమురు బావులు తవ్వేవాళ్లు దాన్ని పొడి కొట్టించి తవ్వకంలో వాడే బురదలో కలుపుతారు. రాయి బరువైనదే అయినా మిల్లులో మెత్తగా నలిగిన పొడి మాత్రం గాలికి లేస్తుంది, టిప్పర్ల వెంట రోడ్డంతా పరుచుకుంటుంది. ఎర్రటి ఎండలో అలాంటి తెల్లటి దుమ్ముతెర లేచినప్పుడు, ‘ఆటో’లో పెట్టి ఉన్న కారు హెడ్‌లైట్లు వెలగవు. సెన్సార్ చెడిపోయిందని అనలేం. వెలుతురు ఎంతుందో కొలవడమే దాని పని, ఆ పని అది సరిగ్గానే చేసింది. వెలుతురు పుష్కలంగా ఉంది, ఎదురుగా వచ్చే మనిషి మాత్రం కనిపించడు. ఇక్కడే మన తాత్వికులు ఎన్నో శతాబ్దాలుగా తర్కించిన ప్రశ్న కొత్త రూపంలో ఎదురవుతుంది: ఒక జ్ఞానసాధనాన్ని ఎంతవరకు నమ్మాలి? దాని తప్పును ఎలా గుర్తించాలి? చూసే పనిని దానికి అప్పగించాక, అది చూడలేనిదానికి జవాబుదారు ఎవరు? నా అభిప్రాయం ఇది: చూపును అప్పగించవచ్చు, చూపు మీద ఉంచాల్సిన మెలకువను అప్పగించలేం. అది కర్త దగ్గరే ఉంటుంది.

ముందు ఆ సాధనం సంగతి చూద్దాం. చాలా కార్లలో ముందు అద్దానికి లోపలివైపు, వెనక చూసుకునే అద్దం మొదట్లో ఒక చిన్న డబ్బా అతికి ఉంటుంది. వాన చినుకుల్ని పసిగట్టే భాగం, వెలుతురును కొలిచే భాగం సాధారణంగా అందులో కలిసే ఉంటాయి. కొన్ని కార్లలో వెలుతురు సెన్సార్ డ్యాష్‌బోర్డు మీద, అద్దం అంచున చిన్న బొడిపెలా కనిపిస్తుంది. అది పంపిన కొలతను కారులోని కంట్రోల్ యూనిట్ అందుకుని, వెలుతురు ఒక హద్దు కంటే తగ్గితే దీపాలు వేస్తుంది. వంతెన కిందో చెట్టు నీడలోనో దీపాలు ఊరికే వెలిగి ఆరకుండా కొన్ని క్షణాలు ఆగి మరీ నిర్ణయిస్తుంది. ఇందులో రెండు రకాల లోపాలకు తావుంది. ఒకటి దోషం: అద్దం మార్చినప్పుడు సెన్సార్‌కు, అద్దానికి మధ్య ఉండే జెల్ పొరలో గాలి బుడగ చేరడం, అద్దానికి నల్ల ఫిల్మ్ అంటించడం, కనెక్టర్ వదులవడం, సెన్సారే చచ్చిపోవడం. రెండోది పరిమితి: సాధనం నిక్షేపంగా ఉన్నా, మనకు కావలసింది దాని విషయం కాకపోవడం. ముగ్గురాయి దుమ్ములోనూ, పట్టపగటి మంచులోనూ జరిగేది ఈ రెండోదే. దోషాన్ని మెకానిక్ బాగు చేస్తాడు. పరిమితిని ఏ మెకానిక్కూ బాగు చేయలేడు, తెలుసుకుని నడుచుకోవడమే ఉంది.

దోషాన్ని పట్టుకునే పద్ధతి న్యాయదర్శనం చదివినవాళ్లకు కొత్తేమీ కాదు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అన్వయ వ్యతిరేకాలను విద్యార్థులకు పాఠంగా చెప్పాడు: పొగ ఉన్న వంటింట్లో నిప్పు ఉంది, నిప్పు లేని మడుగులో పొగ లేదు. కారు దగ్గర మంచి మెకానిక్ చేసేదీ ఇదే. స్విచ్‌ని చేత్తో తిప్పి దీపాలు వేస్తాడు. వెలిగితే బల్బులు, వాటి ఫ్యూజులు, ఎర్త్ బాగున్నట్టే, అనుమానం ఇక ఆటో దారి మీదికే. పగటి వెలుతురులో సెన్సార్ మీద మందపాటి నల్లగుడ్డ కప్పి కొన్ని క్షణాలు ఆగుతాడు. కప్పితే వెలగాలి, తీస్తే ఆరాలి. అలా జరగకపోతే స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలించి సెన్సార్ ఇస్తున్న కొలత చూస్తాడు. గుడ్డ వేసినప్పుడు కొలత మారుతూ ఉండి దీపాలు మాత్రం కదలకపోతే లోపం సెన్సార్‌కు అవతల, కంట్రోల్ యూనిట్‌లోనో సెట్టింగులోనో ఉంది. కొలతే మారకపోతే సెన్సార్‌నీ, దానికి వచ్చే కరెంటునూ, కనెక్టర్‌నూ చూడాలి. అక్కడ కూడా తొందరపడి కొత్త సెన్సార్ బిగించి, దీపం వెలిగింది కదా అని సంబరపడటం తర్కం కాదు. పాతది ఊడదీసి కొత్తది పెట్టేటప్పుడు వదులైన కనెక్టర్ గట్టిగా కూర్చోవడమే అసలు కారణం కావచ్చు. కుండకు ముందు మట్టి మోసిన గాడిద ఉన్నంత మాత్రాన గాడిద కుండకు కారణం కాదని నైయాయికులు చెప్పింది ఇలాంటి చోట్లకే. పాత సెన్సార్‌నే మళ్లీ పెట్టి చూస్తే నిజం తేలుతుంది.

ఇంతకీ పరీక్ష ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇక్కడే మీమాంసకులకూ నైయాయికులకూ తేడా వచ్చింది. జ్ఞానానికి ప్రామాణ్యం స్వతస్సిద్ధమని కుమారిల భట్టు శ్లోకవార్తికంలో వాదించాడు. కలిగిన జ్ఞానాన్ని నమ్మాలి. దాన్ని కొట్టివేసే మరో జ్ఞానం వచ్చినప్పుడో, దాన్ని పుట్టించిన కారణాల్లో దోషం ఉందని తెలిసినప్పుడో వదిలిపెట్టాలి. ప్రామాణ్యం బయటినుంచే తేలుతుందని, దాన్ని నమ్మి చేసిన పని ఫలించడమే దానికి గుర్తని నైయాయికులు అన్నారు. నిత్యజీవితానికి కుమారిలుడి మాటే సుఖం. ప్రతి చూపునూ శంకిస్తూ ఎవరూ బతకలేరు. కానీ బండి నడిపే చోట ఒక చిక్కు ఉంది. ‘దారి ఖాళీగా ఉంది’ అన్న జ్ఞానాన్ని కొట్టివేసే జ్ఞానం గుద్దుకున్న తర్వాతే వస్తుంది, అప్పటికి మూల్యం చెల్లించేది సాధారణంగా ఇంకొకరు. పని ఫలించిందా లేదా అని చూసే న్యాయపద్ధతికీ ఇక్కడ అదే ఇబ్బంది. కాబట్టి కుమారిలుడు చెప్పిన రెండో దారే మనకు మిగులుతుంది: కొట్టివేసే జ్ఞానం రాకముందే కారణదోషాన్ని వెతకడం. పొరబాటు ఖరీదు తనకే పడేచోట మనిషి వేచి చూడవచ్చు. పక్కవాడి ప్రాణం మీద పడేచోట ముందే వెతకడం ధర్మమవుతుంది.

ఈ మాటకు కుమారిలుడి శాఖ అయిన భాట్టమీమాంసలోనే మరింత బలం ఉంది. లేనిదాన్ని లేదని తెలుసుకోవడానికి వాళ్లు అనుపలబ్ధి అనే ప్రమాణాన్ని ఒప్పుకున్నారు, ఒక షరతు పెట్టి. గదిలో కుండ కనిపించలేదు కాబట్టి కుండ లేదని చెప్పాలంటే, అక్కడ కుండ ఉంటే తప్పక కనిపించే పరిస్థితి ఉండాలి. చీకటి గదిలో కనిపించకపోవడం దేన్నీ నిరూపించదు. రోడ్డు మీద ప్రతి డ్రైవరూ క్షణక్షణం వాడుతున్న ప్రమాణం ఇదే: ఎవరూ కనిపించడం లేదు, కాబట్టి ఎవరూ లేరు. దుమ్ములో ఆ షరతు తీరదు. అక్కడ హెడ్‌లైటు నా చూపును కొద్దిగానే పెంచుతుంది, ఒక్కోసారి దుమ్ముకు తగిలి తిరిగి నా కంట్లోనే పడుతుంది. అయినా వేయాలి, ఎందుకంటే దీపం ఎదుటివాడికి నేనున్నానని చెబుతుంది. అతని అనుపలబ్ధి తప్పుదారి పట్టకుండా కాపాడుతుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాల దీపాలు ఇంజిన్ నడిచినంతసేపూ వెలుగుతూనే ఉండాలన్న నిబంధన వచ్చింది కూడా ఇందుకే. పట్టపగలు ఆ దీపం ఉన్నది దారి చూడటానికి కాదు, ఇతరులకు కనపడటానికి. దీపం విషయంలో స్వార్థం, పరార్థం వేరు కావు. వేరుచేసి చూస్తే పరార్థమే పెద్దది.

దీనికి మొదటి అభ్యంతరం మీమాంసకులదే. సాధనాన్ని మరో సాధనంతో పరీక్షిస్తే, ఆ రెండోదాన్ని దేనితో పరీక్షిస్తావు? సెన్సార్‌ను స్కానర్‌తో చూశావు, స్కానర్ సరైనదని ఎవరు చెప్పాలి? దీన్నే అనవస్థ అన్నారు. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో శంకకు ఒక హద్దు గీశాడు: మనం చేసే పనితోనే విరోధం వచ్చేదాకా శంక నడవవచ్చు, అక్కడ ఆగాలి. అన్నం ఆకలి తీరుస్తుందా అని నోటితో శంకిస్తూ చేత్తో ముద్ద కలుపుకునేవాడి శంక శంకే కాదు. దీపాల పరీక్షకూ అదే హద్దు. నల్లగుడ్డ పరీక్షకు స్కానర్ అక్కరలేదు, కళ్లు చాలు. దుమ్ము లేచిందని తెలియడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. అనవస్థ అనేది పరీక్ష మానేయడానికి సాకు కాకూడదు, దాన్ని సరైన చోట ఆపడానికి హెచ్చరిక కావాలి.

రెండో అభ్యంతరం ఈ కాలంవాళ్లది, తోసిపుచ్చలేనిది. మనిషి మరిచిపోతాడు, అలసిపోతాడు, యంత్రం మరిచిపోదు. మసక చీకట్లో దీపాలు వేయడం మరిచిన డ్రైవర్ కంటే సెన్సార్ నయం కాదా? నయమే. మరపుకు యంత్రం మంచి మందు. కానీ మరపు వేరు, విచక్షణ వేరు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 105వది సూర్యాస్తమయం తర్వాత అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకు దీపాలు ఉండాలని చెప్పి ఊరుకోలేదు, తగినంత వెలుతురు లేని ఏ సమయంలోనైనా ఉండాలంది. గంటల లెక్క యంత్రానికి అందుతుంది. తగినంత అన్న మాట దేనికి తగినంత, ఎవరికి తగినంత అని అడిగిస్తుంది. ఆ జవాబు పశువులు దాటుతున్నాయా, బడిపిల్లలు నడుస్తున్నారా, ముందు టిప్పర్ ఉందా అన్నదాన్ని బట్టి మారుతుంది. యంత్రం తయారు చేసినవాళ్లకూ ఈ పరిమితి తెలుసు. అందుకే చాలా కార్లలో సెన్సార్ నుంచి కొలత అందకపోతే కంట్రోల్ యూనిట్ దీపాలను ఆర్పి ఉంచదు, వేసి ఉంచుతుంది. తెలియనప్పుడు ఎదుటివాడి క్షేమం వైపే తప్పు చేయాలన్న నీతి ఆ తీగల్లో ఉంది. యంత్రానికి తన అజ్ఞానంలో పాటించమని మనం నేర్పిన నియమాన్ని మన అజ్ఞానంలో మనం పాటించకపోవడం న్యాయం కాదు.

మూడోది భక్తుల మాట. ఆయుధపూజ నాడు బండి కడిగి, గంధం, కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి, దైవం మీద భారం వేశాం. పై జాగ్రత్త ఆయనదే కదా? భగవద్గీత 18వ అధ్యాయం 14వ శ్లోకం కర్మకు ఐదు కారణాలు చెప్పింది: అధిష్ఠానం, కర్త, రకరకాల కరణాలు, వేర్వేరు చేష్టలు, ఐదోది దైవం. దైవాన్ని కాదనలేదు, ఐదింటిలో ఒకటిగా నిలబెట్టింది. మిగతా నాలుగింటినీ దైవంలో కలిపేయడానికి ఆ శ్లోకం ఒప్పుకోదు. కర్తనూ కరణాన్నీ విడివిడిగా లెక్కపెట్టింది కాబట్టి కరణం మీద నెపం వేసి కర్త తప్పుకోవడానికీ ఒప్పుకోదు. పూజ కరణానికి గౌరవం. దాని పని సాగనివ్వడం ఆ గౌరవంలో భాగం. అద్దానికి పెట్టే బొట్టు సెన్సార్‌కు ఎదురుగా పడకూడదు. సెన్సార్ డ్యాష్‌బోర్డు మీద ఉన్న కార్లలో దానిమీద గుడ్డ పరిచినా, విగ్రహం అడ్డుగా పెట్టినా చీకటి పడిందని అది పొరబడుతుంది. ఆ విగ్రహాన్ని జానెడు పక్కకు జరపడంలో అపచారం లేదు. దేవుడి పేరున చేసిన ఏర్పాటు దారిన పోయేవాడికి హాని చేయకుండా చూడటం కూడా ఆయన సేవే.

కాబట్టి మంగంపేట దారిలో నడుచుకోవాల్సిన తీరు స్పష్టం. ‘ఆటో’ను వాడుకోవాలి, మరపు నుంచి అది కాపాడుతుంది. అప్పుడప్పుడు నల్లగుడ్డ పరీక్ష చేసి, అద్దం తుడిచి, లోపం కనబడితే కారణం తేల్చిన తర్వాతే వస్తువు మార్పించాలి. దుమ్ము లేచిన క్షణాన మాత్రం సెన్సార్ ఏమంటుందో చూడకుండా, హై బీమ్ జోలికి పోకుండా, స్విచ్‌ని చేత్తో తిప్పి దీపాలు వేసి వేగం తగ్గించాలి. ఇది యంత్రం మీద అపనమ్మకం కాదు. దాని ప్రామాణ్యం ఎక్కడ ముగుస్తుందో తెలిసి, అక్కడినుంచి మన బాధ్యతను మనం అందుకోవడం. రేపు బండి నడపడం మొత్తం యంత్రాలకే అప్పగించినా ఈ ధర్మం మారదు. సాధనం ఎంత తెలివైనదైతే దాని పరిమితిని ఎరిగి ఉండాల్సిన బాధ్యత అంత పెరుగుతుంది, ఎందుకంటే దాని లోపం వల్ల దెబ్బతినేవాడు ఆ సాధనాన్ని ఎంచుకున్నవాడు కాదు, ఆ దారిన నడుస్తున్నవాడు.