షుగర్ టెస్టుకి ప్రిపేర్ అవడం

మా పెదనాన్నకి షుగరు. రక్తపరీక్షకి నాలుగు రోజుల ముందు అన్నం మానేసి, జొన్నరొట్టె తిని, పొద్దున్నే కాలవగట్టు మీద నడిచేవాడు. రిపోర్టు చేతికి రాగానే దారిలో మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చి "ఈసారీ పాసయ్యానురా" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. ఇప్పుడు నేను నవ్వలేను. ఎందుకంటే టెక్సాస్‌లో రెండేళ్ళుగా శనివారాలు నేను చేస్తున్నది దాదాపు అదే పని.

మా ఊరి లైబ్రరీలో, చిన్నప్పుడు చదువు ఆగిపోయిన పెద్దవాళ్ళకి లెక్కలు చెప్తుంటాను. ఎక్కువమంది టేబ్ కోసం వస్తారు. టెస్ట్స్ ఆఫ్ అడల్ట్ బేసిక్ ఎడ్యుకేషన్‌కి పొట్టిపేరు అది. చదవడం, లెక్కలు, భాష అందులో ఉంటాయి. ఎల్, ఇ, ఎమ్, డి, ఎ అని అయిదు మెట్లు. చివరిదైన ఎ, అంటే అడ్వాన్స్‌డ్, అమెరికన్ హైస్కూలు 9 నుంచి 12 తరగతుల స్థాయి. ఏ మెట్టు పరీక్ష ఇవ్వాలో తేల్చడానికి ముందు లొకేటర్ అని ఓ చిన్న పరీక్ష పెడతారు. విశేషమేమిటంటే దీన్ని తయారుచేసినవాళ్ళు పాస్, ఫెయిల్ అని గీత గియ్యలేదు. మనిషి ఎక్కడున్నాడో కనుక్కుని, అక్కణ్ణించి చదువు మొదలుపెట్టడానికి పెట్టిన పరీక్ష ఇది. థర్మామీటర్ లాంటిది.

మరి థర్మామీటర్‌కి ప్రిపేర్ అవడం ఏమిటి?

కాగితం మీద ఈ ప్రశ్న బాగానే ఉంటుంది. కానీ కొన్ని వృత్తి కోర్సులవాళ్ళు ఇదే స్కోరు చూసి, ఫలానా తరగతి స్థాయి ఉంటేనే లోపలికి రమ్మంటారు. కొలబద్దని తెచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టాక, జనం మునివేళ్ళ మీద నిలబడకేం చేస్తారు? అలా నిలబడటాన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒకాయనకి యాభై దాటాయి. గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఏసీ మెకానిక్ కోర్సులో చేరాలి, దానికి ఎ లెవెల్లో మంచి స్కోరు కావాలి. మొదటి శనివారం నేను గర్వంగా నేర్పిన విద్య ఇది: 3(ఎక్స్ − 4) = ఎక్స్ + 10 అని ఇస్తే లెక్క చెయ్యకండి, కింద ఇచ్చిన నాలుగు జవాబుల్నీ ఒక్కోటిగా ఎక్స్ చోట పెట్టి చూడండి. 11 పెడితే రెండువైపులా 21. అయిపోయింది! ఎంసెట్ కోచింగ్‌లో నాకు అబ్బిన విద్యే. 160 ప్రశ్నలు, నెగటివ్ మార్కుల్లేవు, మిగిలిన గడులన్నీ చివరి నిమిషంలో నింపెయ్యమనేవారు. అలా సీటు తెచ్చుకున్నాను. ఫస్టియర్‌లో లిమిట్స్ పాఠం దగ్గర ముందు బెంచీలో కూచుని ఏమీ అర్థంకాక నోట్సు రాసుకుంటూ పోయిన రోజులు ఇప్పటికీ కలలో వస్తాయి. సీటు నాదే, సబ్జెక్టు మాత్రం వేరేవాళ్ళది.

ప్రాక్టీస్ టెస్టులో ఆయన మార్కులు పెరిగాయి. నాకే ఎక్కువ సంతోషమైంది. ఆయన కాసేపు కాగితం చూసి, "పని దగ్గర నాలుగు ఆప్షన్లు ఎవరూ ఇవ్వరు కదా" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, నిజంగానే అడిగాడు.

ఆ ప్రశ్నతో వారమంతా సరిపోయింది. స్కోరు లేకపోతే కోర్సు లేదు, నిజమే. పునాదినుంచి చెప్తూ కూచుంటే ఈ ఏడాది బ్యాచ్ దాటిపోతుంది, అదీ నిజమే. కానీ ఆయనకి కావలసింది స్కోరు మాత్రమే అని నిర్ణయించింది ఎవరు? నేను. అడగలేదు కూడా. యాభై ఏళ్ళ మనిషి లెక్కలు నేర్చుకోవడానికే వచ్చి ఉండొచ్చని నాకు తట్టనే లేదు.

పైగా వ్యవస్థది ఇంకో చిత్రం. 2014 నాటి ఫెడరల్ చట్టం కింద, విద్యార్థులు ఎంత ముందుకెళ్ళారో ఈ వయోజన కేంద్రాలు లెక్క చూపాలి. ముందొక పరీక్ష, కొన్ని పదుల గంటల పాఠం తర్వాత ఇంకొకటి. ప్రశ్నలు గుర్తుండిపోకుండా రెండు వేరువేరు ఫారాలు. అంటే మొదటి పరీక్షకి బాగా తయారై వెళ్తే తర్వాత చూపించే ఎదుగుదల తగ్గుతుంది. గుమ్మం దగ్గరివాడికి పెద్ద అంకె కావాలి, కేంద్రానికి మొదట చిన్న అంకె వస్తే మేలు. మధ్యలో ఆ మనిషికి నిజంగా ఎంత తెలుసన్నది ఎవరికీ అక్కర్లేకుండా పోవచ్చు. మా పెదనాన్న ఆట, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష రాగానే కట్టింది. చదువుకి అలాంటి పరీక్ష ఇంకా నా కంటపడలేదు.

తరవాతి శనివారం అడిగాను, ఏం కావాలని. "రెండూ" అన్నాడు. పరీక్షకి మూడు వారాలుంది. సరే, కిటుకులకి అరగంట, మిగతాది లెక్కలకి అనుకున్నాం.

మొన్న 9/16 పెద్దదా, 5/8 పెద్దదా అని అడిగాను. కాగితం మీద 9/16కి సున్నా చుట్టాడు. అయిదు కన్నా తొమ్మిది పెద్దది కదా మరి. పార్కింగ్‌లో ఉన్న ఆయన ట్రక్కులోంచి సాకెట్ల పెట్టె తెమ్మన్నాను. 9/16 సాకెట్ బోల్టుకి పట్టకపోతే తర్వాత ఏది తీస్తారన్నాను. పెట్టెలోకి చూడకుండానే వేళ్ళతో తడిమి 5/8 తీశాడు. తీసి, దాన్ని కాగితం మీద, తను చుట్టిన సున్నా పక్కన పెట్టి, చాలాసేపు చూస్తూ కూచున్నాడు.

ఆ రోజు లైబ్రరీ మూసేదాకా భిన్నాలే చేశాం. ఎ లెవెల్ పుస్తకం సంచీలోంచి బయటికి తియ్యలేదు.