మాత్రలు వేసికొనుట అవిశ్వాసమా?

ధ్యానభాగము: నిర్గమకాండము 17:8–13



మన సంఘములలో సాక్ష్యమిచ్చుటకు లేచువారు సాధారణముగా ముగిసిన సంగతులనే చెప్పుదురు. జ్వరము వచ్చినది, ప్రార్థించితిమి, పోయినది. ప్రసవము కష్టమైనది, దేవుడు దాటించెను. ఇవి మంచి సాక్ష్యములే. అయితే ఇరువదియేండ్లుగా షుగరు వ్యాధితో బ్రదుకుచున్న సహోదరి యొకతె లేచి, ఈ ఉదయము కూడ మాత్ర వేసికొంటిని, ప్రభువునకు స్తోత్రము అని చెప్పగా మేమెన్నడును వినలేదు. చెప్పినయెడల సంఘము ఆమేన్ అనునో లేదో!

ఈ తలంపు మాకు ఊరక కలుగలేదు. కొంతకాలము క్రిందట మా సంఘపెద్ద యొకరు స్వస్థత కూటమునుండి తిరిగివచ్చి, రక్తపోటు మాత్రలు మానివేసితినని ఆదివారమున సాక్ష్యమిచ్చెను. మేము ముందు నిలిచి హల్లెలూయ అంటిమి. మూడు నెలలు నిండకమునుపే, మిరపకోతల కాలమున, ఆయన కళ్లములో కాయలు ఆరబోయుచు కూలిపోయెను. కుడిచెయ్యి పడిపోయినది, మాట ముద్దగా వచ్చుచున్నది. పరామర్శకు వెళ్లినప్పుడు మా ఊరి ఆరోగ్యకేంద్రపు నర్సమ్మ అక్కడనే యుండెను. ఆమె మమ్మును నిందింపలేదు. వాకిట చెప్పులు తొడుగుకొనుచు, "అయ్యగారూ, మాత్రలు మానేసిన సంగతి నాకెవ్వరూ చెప్పలేదండీ. గుడిలో మాత్రం అందరికీ తెలుసంట" అని మాత్రమే అనెను.

ఆ మాట మమ్మును అనేక రాత్రులు నిద్రపోనియ్యలేదు. ఆయన ఆమెయొద్ద దాచి మాయొద్ద చెప్పుటకు కారణమేమి? మాయొద్ద మెప్పు దొరకును గనుకనే గదా.

1883లో డాక్టరు అన్నా సారా కుగ్లర్ దొరసానిగారు గుంటూరునకు వచ్చి, 1898లో స్త్రీల కొరకును పిల్లల కొరకును ఆసుపత్రి తెరచిన దినములనుండి, వైద్యమనగా మన పెద్దలకు తెలిసినది ఒకటే: రోగి మంచమెక్కును, మందు పుచ్చుకొనును, బాగుపడి యింటికి వచ్చును. రక్తపోటు, షుగరు అట్టివి కావు. వాటిని అదుపులో ఉంచవచ్చును గాని, సాధారణముగా అవి విడిచిపోవు. పైగా రక్తపోటు 140/90 దాటినను అనేకులకు నొప్పి యుండదు. నొప్పిలేని వ్యాధికి దినదినము మాత్ర మింగుట మానవ స్వభావమునకు గిట్టని పని. ధనిక దేశములలో సైతము దీర్ఘవ్యాధులు గలవారిలో సుమారు సగముమందియే మందులు సరిగా వాడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో తెలిపినది. కాబట్టి పల్లెవారికి బుద్ధిలేదని యెవరును అనరాదు.

చిలకలూరిపేట యొద్దనున్న లింగంగుంట్లలో 2023 ఏప్రిల్ 6న రాష్ట్ర ప్రభుత్వము ఫ్యామిలీ డాక్టరు పద్ధతిని ఆరంభించినప్పుడు, వైద్యుడు నెలకు రెండుమారులు గ్రామమునకు వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. మంచిదే. అయితే మిగిలిన దినములలో రోగిని కనిపెట్టునది ఎవరు? నర్సింగు చదివి ఆ చిన్న కేంద్రములో కూర్చుండు నర్సమ్మయే.

ఒకనాడు మేము ఆ కేంద్రపు వసారాలో కూర్చుండి చూచితిమి. ప్రత్తి తీయుటకు పోవు సహోదరి యొకతె వచ్చెను. షుగరు మిక్కిలి హెచ్చుగా ఉన్నది. మాత్రలు సరిగా మింగుటలేదని అంతకుముందు వేరొకచోట ఆమెను నలుగురిలో గద్దించి పంపిరట. నర్సమ్మ గద్దింపలేదు. "ఏ వేళకు తింటావమ్మా?" అని అడిగెను. తెల్లవారకమునుపే ఆటో ఎక్కవలెను, అన్నము చేలోనే పదిగంటలకు. పరగడుపున మాత్ర వేసికొనిన దినమున కండ్లు తిరిగి చేలో పడినదట, అందుచేత మానుకొన్నది. ఇంత చిన్న సంగతిని అంతవరకు ఎవరును అడుగలేదు! నర్సమ్మ డాక్టరుగారితో ఫోనులో మాటలాడి, మాత్రను క్యారేజీలో పెట్టుకొని చేలో అన్నముతోనే వేసికొనుమని చెప్పెను. తరువాత రక్తపోటుగల ముసలాయన వచ్చెను. ఉప్పు తగ్గించుట సంగతి. ఆవకాయ మానుమని బోధించుట ఈ ప్రాంతమున బోధకులకైనను సాధ్యము కాదు. ఆమె మానుమనలేదు, రెండుపూటలది ఒకపూట చేయుమని బేరమాడెను. ఇవన్నియు ముగిసిన తరువాత ఫోనులో లెక్కలు ఎక్కించుటకు ఆమెకు ప్రొద్దుగూకినది.

ఇది ప్రార్థనకు విరోధమైన పనియా? రాజైన హిజ్కియాకు దేవుడు పదునైదు సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము చేసెను, అయినను యెషయా అంజూరపుపండ్ల ముద్ద తెప్పించి పుండుమీద పెట్టించెను (2 రాజులు 20). అనేకులను స్వస్థపరచిన పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చెను (2 తిమోతి 4:20). అతనికి విశ్వాసము చాలలేదని వ్రాయలేదు. రెఫీదీములో మోషే చేతులు బరువెక్కినప్పుడు దేవుడు ఆ బరువును తీసివేయలేదు. రాయి యొకటి తెచ్చి ఆయనను కూర్చుండబెట్టిరి. అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు, సూర్యుడు అస్తమించువరకు ఆ చేతులను పట్టుకొనిరి. దేవుని కఱ్ఱ చేతనున్నవానికి రాయి యెందుకని ఆనాడు ఎవరును అడిగినట్లు లేదు.

స్వస్థతలు లేవని మేము చెప్పుటలేదు. రోగులకొరకు నేటికిని చేతులుంచి ప్రార్థించుచున్నాము. అయితే ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసిన తరువాత యాజకునికి కనుపరచుకొనుమని పంపెను (మార్కు 1:44). ఆయన చేసిన కార్యము పరీక్షకు జడియునది కాదు. కాబట్టి స్వస్థత కలిగినదని చెప్పువారు ముందుగా కేంద్రమునకు వెళ్లి బి.పి. చూపించుకొనవలెనని, డాక్టరు మానుమనువరకు మాత్ర మానరాదని మా గుడిలో ఇప్పుడు చెప్పుచున్నాము. ఇందుకు కొందరు మమ్మును అల్పవిశ్వాసులనుచున్నారు. అననిమ్ము.

గతనెల సాక్ష్యముల సమయమున ఆ పెద్ద ఎడమచేతితో బల్ల పట్టుకొని లేచెను. ఏదో చెప్పబోయెను గాని మాట తేటగా రాలేదు. చొక్కా జేబులోనుండి మాత్రల అట్ట తీసి, అందరికిని కనబడునట్లు పైకెత్తి, మరల కూర్చుండెను. ఎవరును పలుకలేదు. మాకును ఏమి చెప్పవలెనో తోచక కీర్తన సంఖ్య వెదకుచుండగా, వెనుక స్త్రీల వరుసలోనుండి ప్రత్తి తీయు ఆ సహోదరి ఆమేన్ అనెను.