లాటరీలో దైవమెంత?

మనిషి బతుకును నడిపించేది దైవమా, పురుషకారమా అన్నది భారతీయ తత్త్వచింతనలో చాలా పాత ప్రశ్న. పురుషకారమంటే బుద్ధితో, పూనికతో చేసే ప్రయత్నం. దైవమంటే ఆ ప్రయత్నానికి లొంగకుండా ఫలితాన్ని తేల్చే శక్తి. అమెరికాలో ఎంబీఏ చదివి అక్కడే ఉద్యోగంలో నిలదొక్కుకోవాలనుకునే తెలుగు విద్యార్థుల విషయంలో ఈ ప్రశ్న గ్రంథాలు దాటి ఇళ్లలోకే వచ్చి కూర్చుంటుంది.

ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో మార్కులు, సీటు, ఇంటర్న్‌షిప్, ఉద్యోగం ఇవన్నీ శ్రమకు ఎంతో కొంత లొంగేవే. చదువు ముగిశాక ఓపీటీ అనే అనుమతితో 12 నెలలు, కోర్సు స్టెమ్ విభాగంలో, అంటే శాస్త్ర, సాంకేతిక, ఇంజినీరింగ్, గణిత విద్యల కింద నమోదై ఉంటే మరో 24 నెలలు పనిచేయవచ్చు. ఆ పైన సాధారణంగా కావలసింది హెచ్-1బి అనే ఉద్యోగ వీసా. 1990 నాటి చట్టం వీటికి ఏటా 65,000 పరిమితి పెట్టగా, 2004 నాటి చట్టం అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకు పై డిగ్రీ పొందినవారికి మరో 20,000 చేర్చింది. అడిగేవారు అంతకు మించితే కంప్యూటర్ డ్రా తీస్తుంది. ఆ డ్రాకు పేరు నమోదు చేయవలసింది కూడా యజమాని సంస్థే తప్ప విద్యార్థి కాదు.

హైదరాబాద్ శివారు చిలుకూరులోని స్వామికి 'వీసా బాలాజీ' అనే పేరు రావడం వెనుక ఉన్నది ఇలాంటి నిస్సహాయతే. హుండీ లేని ఆ గుడిలో కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, అది తీరాక చేతిలోని కాగితంపై అంకెలు కొట్టేసుకుంటూ 108 ప్రదక్షిణలు చేస్తారు. దీన్ని స్వార్థభక్తి అని తేలిగ్గా కొట్టిపారేయడానికి భగవద్గీత ఒప్పుకోదు. ఏడో అధ్యాయంలో ఆర్తుడు, జిజ్ఞాసువు, జ్ఞానితో పాటు అర్థార్థిని, అంటే సంపద కోరి భజించేవాణ్ణి, భక్తుల్లో లెక్కించి, జ్ఞానికి అగ్రస్థానమిస్తూనే నలుగురినీ ఉదారులే అంది. కాబట్టి చిక్కు కోరికలో లేదు, ఫలితానికి చెప్పుకునే అర్థంలో ఉంది.

గీతలోనే పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మకైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానమైన శరీరం, కర్త, కరణాలైన ఇంద్రియాలు, నానావిధాలైన చేష్టలు, అయిదోది దైవం. ఆ దైవాన్ని శంకరులు ఇంద్రియాలకు తోడ్పడే ఆదిత్యాది దేవతలుగా, రామానుజులు అంతర్యామియైన పరమాత్మగా వ్యాఖ్యానించారు. ఇద్దరి దృష్టిలోనూ దైవం గుడ్డి అదృష్టం కాదు. కారణం చూపలేని కాకతాళీయానికి యదృచ్ఛ అనే వేరే పేరుంది. శ్వేతాశ్వతరోపనిషత్తు జగత్కారణాన్ని విచారిస్తూ కాలం, స్వభావం, నియతులతో పాటు దాన్నీ పేర్కొంది. ఈ విభజన ప్రకారం డ్రాలో పేరు తగలడం యదృచ్ఛ; ఇక 65,000 అనే అంకె ఒక దేశపు చట్టసభ నిర్ణయం, అంటే ఇతరుల పురుషకారం. విద్యార్థి దైవమనుకుంటున్నది చాలావరకు ఈ రెండింటి కలయికే.

యోగవాసిష్ఠంలోని ముముక్షు వ్యవహార ప్రకరణం, దైవమంటే పూర్వం చేసిన ప్రయత్నమే తప్ప వేరొకటి కాదని వాదిస్తుంది. విరక్తితో కుంగిన రాముణ్ణి కార్యోన్ముఖుణ్ణి చేయడానికి వసిష్ఠుడు చెప్పిన మాట అది. ఎవరికి వారు చెప్పుకుంటే బలమిచ్చే ఆ మాటనే ఎదుటివారి మీద ప్రయోగిస్తే 'వాడి ఖర్మ' అనే తీర్పుగా దిగజారుతుంది. ఒకే డ్రా ఒక ఇంట్లో దేవుడి దయగా, పక్కింట్లో పాపఫలంగా మారడం భక్తీ కాదు, తర్కమూ కాదు.

ఎంబీఏలో నేర్పే నిర్ణయ విశ్లేషణ కూడా, మంచి నిర్ణయానికి చెడు ఫలితం రావచ్చునని, ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచరాదని చెబుతుంది. అయితే తెలిసిన అనిశ్చితిని లెక్కలో వేసుకున్నప్పుడే అది మంచి నిర్ణయం. కనుక ఇల్లు తాకట్టు పెట్టి విద్యారుణం తీసుకునే కుటుంబం, డ్రాలో పేరు రాకపోయినా ఆ అప్పు తీరే దారి ఉందో లేదో ముందే చూసుకోవాలి. అది పురుషకారం పరిధిలోని పని. అంతా చేశాక కూడా పేరు రాక తిరిగివచ్చిన బిడ్డ ఓడిపోయినట్టు కాదు, పేరు వచ్చినవాడు ఎక్కువ పుణ్యం చేసుకున్నట్టూ కాదు.