దారి వేసిన చేతులు



సెలవులు దగ్గరపడితే మన జంషెడ్‌పూర్‌లో చాలామంది చూపు దల్మా కొండ దాటి హిమాలయాల మీదికి పోతుంది. మనాలీ నుంచి లదాఖ్‌లోని లేహ్ దాకా 400 పైచిలుకు కిలోమీటర్లు, రెండు మూడు రోజుల దారి. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని తప్పింది. అయినా 5,300 మీటర్ల పైనున్న తంగ్‌లంగ్ కనుమ దగ్గర నాలుగడుగులు వేస్తే ఆయాసమే.

అలాంటి చోట్ల, మలుపు తిరగ్గానే, ముఖానికి గుడ్డ చుట్టుకుని రాళ్లు కొట్టేవాళ్లు కనిపిస్తారు. బండి ఆపి ఏ ఊరని అడగండి. "దుమ్కా" అనొచ్చు. మన జార్ఖండే! 1960లో ఏర్పడిన సరిహద్దు రోడ్ల సంస్థ పనులకు దుమ్కా వైపు సంతాల్ పల్లెలవాళ్లు ఏళ్లుగా వెళ్తున్నారు. మంచు కరిగాక ప్రయాణం, చలి ముదిరేలోగా తిరుగు ప్రయాణం.

2020 లాక్‌డౌన్‌లో లదాఖ్‌లో చిక్కుకున్న 60 మంది కూలీలను మే 29న విమానంలో రాంచీకి తీసుకొచ్చారు. జూన్‌లోనే వెయ్యి మందికి పైగా దుమ్కాలో ప్రత్యేక రైలెక్కి మళ్లీ అటే వెళ్లారు. ఆ వార్త విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా!

ఈ వేసవిలో అటు వెళ్లేవాళ్లు సంచిలో కాస్త బెల్లం, వేరుశనగపప్పు ఎక్కువ వేసుకోండి. వాళ్లు కనబడితే చేతిలో పెట్టి, "జోహార్ దాదా" అని పలకరించండి.