సంతకము చేసిన చేయి

ధ్యాన భాగములు: లూకా 22:54–62, యోహాను 21:15–19, కొలొస్సయులకు 2:13–15



ప్రభువు యెరూషలేము దేవాలయమును విడిచి వెళ్లుచుండగా శిష్యులలో ఒకడు ఆ గొప్ప రాళ్లను, ఆ కట్టడములను ఆయనకు చూపి ఆశ్చర్యపడెనని మార్కు సువార్త 13వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ శిష్యుని మనస్సు మనకును గలదు. పురాతనమైన కట్టడము ఎదుట నిలిచినప్పుడు మన తల దానంతటదే పైకి లేచును. కొన్ని సంవత్సరముల క్రిందట ఇంగ్లండు దేశములోని ఆక్స్‌ఫర్డు నగరమును దర్శించినప్పుడు నేనును అట్లే తల యెత్తి చూచుచు నడిచితిని. అయితే ఆ సాయంకాలము నేను తల వంచుకొని తిరిగి వచ్చితిని. దానికి కారణము ఒక రాతి స్తంభముమీద నున్న గాటు.

మా కుమార్తె ఆ దేశములో నర్సుగా పనిచేయుచున్నది. ఆమెకు సెలవు దొరికిన ఒక శనివారమున మేమిద్దరము రైలులో ఆక్స్‌ఫర్డునకు వెళ్లితిమి. ఆ విశ్వవిద్యాలయము ఫలానా సంవత్సరమున స్థాపింపబడెనని చెప్పుటకు వీలులేదు. 1096 నాటికే అక్కడ బోధ జరుగుచుండెనని మాత్రము తెలియును. యూనివర్సిటీ కాలేజి 1249లోను, బేలియల్ 1263లోను, మెర్టన్ 1264లోను తమ ఆరంభమును లెక్కించుకొనును. మన ఓరుగల్లులో రుద్రమదేవి సింహాసన మెక్కిన కాలమది. పాత కళాశాలలలో ప్రార్థనాలయము లేనిది అరుదు. విశ్వవిద్యాలయపు చిహ్నములో తెరచిన గ్రంథమొకటి యున్నది. దానిమీది లాటిను మాటలు 27వ కీర్తన ఆరంభమునుండి తీసికొనబడినవి. యెహోవాయే తనకు వెలుగని దావీదు ఒప్పుకొనిన మాటలవి. ఇంత విద్యకును ఆదిలో ఇంత చిన్న ఒప్పుకోలు!

బ్రాడ్ వీథిలో నడుచుచుండగా మా కుమార్తె నన్ను ఆపి నేలను చూపెను. బాట నడుమ రాళ్లతో పేర్చిన ఒక సిలువ గుర్తు కనబడెను. 1555 అక్టోబరు 16వ తేదీన బిషప్పులైన హ్యూ లాటిమరును, నికొలాస్ రిడ్లీయును ఆ చోట సజీవముగా దహింపబడిరి. కొన్ని అడుగుల దూరములో సెయింట్ మైకేలు దేవాలయమున్నది. దాని గోపురము సుమారు 1040 నాటిది. నగరపు ఉత్తర ద్వారమునొద్ద బొకార్డో అను చెరసాల ఉండెడిది. 1771లో దానిని పడగొట్టిరి గాని, హతసాక్షులుండిన గది తలుపును ఆ గోపురములో నేటికిని భద్రపరచియున్నారు. ఆ తలుపుమీద చేయి వేసి కొంతసేపు నిలిచితిని.

అటు తరువాత సెయింట్ మేరీ దేవాలయమునకు వెళ్లితిమి. అది విశ్వవిద్యాలయపు దేవాలయము. ప్రసంగపీఠమునకు ఎదుటనున్న స్తంభములో ఒక భాగము చెక్కివేయబడియున్నది. ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మరును నిలువబెట్టిన చిన్న వేదికకు ఆధారముగా ఆ రాతిని కోసిరని అక్కడివారు చెప్పుదురు.

క్రాన్మరు ఎవరు? ఆంగ్ల సంఘమునకు 1549లోను, 1552లోను ప్రార్థనా గ్రంథమును సిద్ధపరచిన దైవజనుడు. మన దేశములో తెలుగున ఆ ఆరాధన క్రమమును అనుసరించిన సంఘములు గలవు గనుక, ఆయన కూర్చిన ప్రార్థనల ఛాయ మన పెద్దల నోటను పలికినది. రాణి మేరీ ఏలుబడిలో ఆయన చెరపట్టబడెను. తోటి బిషప్పులు అగ్నికి ఆహుతియైరి. ఆయన ఒంటరివాడు, వృద్ధుడు. ఆయన యెదుట కాగితములు పెట్టిరి. తాను బోధించినదంతయు అబద్ధమని ఒకదాని వెంట ఒకటిగా పత్రములమీద ఆయన సంతకము చేసెను. అయినను ఆయన ప్రాణము దక్కలేదు.

1556 మార్చి 21, శనివారము. వాన కురియుచుండుటచేత, దహనమునకు ముందు జరుగవలసిన ప్రసంగమును సెయింట్ మేరీ దేవాలయములోనే జరిపిరి. తాను సంతకము చేసినదానిని జనులందరి యెదుట ఆయన మరల చెప్పునని అధికారులు ఎదురుచూచిరి. ఆయన కన్నీటితో ప్రార్థించి, మాటలాడ మొదలుపెట్టి, చివరకు మరణ భయముచేత తన చేయి తన హృదయమునకు విరోధముగా వ్రాసినదని బహిరంగముగా ఒప్పుకొనెను; ఆ చేయియే మొదట కాలునని చెప్పెను. వారు ఆయనను క్రిందికి లాగి ఆ వీథికి తీసికొనిపోయిరి. మంట రేగినప్పుడు ఆయన తన కుడిచేతిని ముందుగా అందులో పెట్టెను.

ప్రియులారా, ఈ చరిత్రను నేను యౌవనమందే చదివియుంటిని. రెండు మూడు పర్యాయములు ప్రసంగములలో దృష్టాంతముగా వాడియుంటిని. అయితే ఆ దినమున ఆ గాటు ఎదుట నిలిచియుండగా నా కుడిచేయి నాకు జ్ఞాపకము వచ్చెను.

ముప్పది యేండ్ల క్రిందట నేనొక సంస్థలో ఉద్యోగినైయుంటిని. లెక్కలలో కొంత సొమ్ము తగ్గెను. నాతోకూడ పనిచేయు ఒక సహోదరునిమీద నింద పడెను. నా పైయధికారి ఒక కాగితమును నా యెదుట పెట్టెను. ఆ సహోదరుడు పెట్టె తెరచుట నేను చూచితినని అందులో వ్రాసియుండెను. నేను చూడలేదు. ఇద్దరు చెల్లెండ్ర పెండ్లిండ్లు నా మీద నుండెను; ఉద్యోగము పోవునేమోనని భయపడితిని. సంతకము చేసితిని. అతని ఉద్యోగము పోయెను. మరుసటి ఆదివారము నేను సంఘములో వాక్యము చదివితిని. ఆ సంగతిని నా భార్యకైనను చెప్పలేదు.

"నాన్నగారూ, ఇంతసేపు ఏమి చూచుచున్నారు?" అని మా కుమార్తె అడిగెను. నేను జవాబియ్యలేకపోతిని. ఆమె నన్ను ఒక బల్లమీద కూర్చుండబెట్టి, ఒంట్లో బాగుగా లేదేమోనని నా నాడి పట్టుకొని చూచెను. ఆ బల్లమీదనే మొట్టమొదటిసారి ఆ సంగతి నా బిడ్డతో చెప్పితిని. అక్కడ ప్రభువు నాకు నేర్పిన మూడు సంగతులను ఇప్పుడు మీ యెదుట ఉంచుచున్నాను.

మొదటిది, భయము పడగొట్టని భక్తుడు లేడు. చలిమంటయొద్ద పేతురు ఒక చిన్నదాని ప్రశ్నకు జంకెను. క్రాన్మరు సింహాసనమునకు జంకెను. నేను ఒక అధికారి కనుచూపునకు జంకితిని. పడిపోవుటలో పెద్దవారని చిన్నవారని భేదములేదు. అయితే పేతురు కోడి కూతను విని వెలుపలికి పోయి సంతాపపడి యేడ్చెను. నేను ముప్పది యేండ్లు కోడి కూతను విని, అది తెల్లవారుటకు గురుతనుకొని పనికి పోయితిని.

రెండవది, విశ్వాసుల చేయి ఇతరులకు విరోధముగాను సంతకము చేయగలదు. హతసాక్షులను తలంచి మనము అతిశయపడకూడదు. జోన్ బోచర్ అను స్త్రీ భిన్నమైన విశ్వాసము కలదని 1550లో లండనులో దహింపబడెను. ఆమెకు తీర్పు తీర్చినవారిలో ఇదే క్రాన్మరు ఉండెను. 1589లో ఆక్స్‌ఫర్డులోనే నలుగురు రోమను కతోలికులు తమ విశ్వాసమునుబట్టి చంపబడిరి. ఉభయ పక్షముల హతసాక్షుల పేళ్లను ఒక్కటిగా చెక్కిన ఫలకమును 2008లో సెయింట్ మేరీ దేవాలయములో నిలిపిరి. దాని యెదుట నిలిచినవాడు ఏ పక్షమువాడైనను మౌనము వహింపక తప్పదు.

ఆ నగరములో మరియొక సంతకమును గూర్చియు చెప్పవలెను. ఆంగ్ల సంఘపు విశ్వాస సూత్రములకు సంతకము చేయనిదే 1854వరకు ఏ విద్యార్థియు ఆ విశ్వవిద్యాలయములో చేరజాలకుండెను. బాప్టిస్టులకును ఇతర స్వతంత్ర సంఘస్థులకును ఆ ద్వారము మూయబడియుండెను. చెప్పులు కుట్టి జీవించిన బాప్టిస్టు విలియం కేరీ విశ్వవిద్యాలయపు గడప తొక్కినవాడు కాడు. అయినను ఆయనయు, ఆయన సహచరులును, వారికి తోడ్పడిన మన దేశపు పండితులును పనిచేసిన శ్రీరాంపూరు ముద్రణాలయమునుండియే 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. మనుష్యులు మూసిన తలుపు దేవుని వాక్యమును ఆపలేదు.

మూడవది, పశ్చాత్తాపము ఎక్కడ అబద్ధము చెప్పితిమో అక్కడికి మరల పోవును. క్రాన్మరు తన సత్యమును చెరసాల గదిలో గోడకు చెప్పుకొనలేదు. అబద్ధమును వినగోరినవారి చెవులకే వినిపించెను. జక్కయ్య ప్రభువును తన యింట చేర్చుకొన్న దినముననే, తాను అన్యాయముగా తీసికొన్నది నాలుగంతలు మరల చెల్లింతునని చెప్పెను. దేవునితో ఏకాంతమందు ఒప్పుకొని, అన్యాయము పొందిన సహోదరుని ఆరుబయట నిలువబెట్టుట పశ్చాత్తాపము కాదు.

అయితే ఒక మాట జాగ్రత్తగా వినుడి. కాలిన చేయి క్రాన్మరును రక్షింపలేదు. మన కన్నీళ్లైనను, మనము తిరిగి చెల్లించినదైనను పాపమునకు వెల కాజాలదు. మనకు విరోధముగా నిలిచిన ఋణపత్రమును క్రీస్తు సిలువకు మేకులతో కొట్టి కొట్టివేసెనని పౌలు కొలొస్సయులకు వ్రాసెను. మన చేయి సంతకము చేసెను. ఆయన చేతులలో మేకులు దిగెను. ఆ చేతులనుబట్టియే మన చేయి సత్యము వ్రాయుటకు ధైర్యము పొందును.

అట్టి చేతులు ఆ కళాశాలలనుండియు బయలుదేరినవి. లింకన్ కాలేజిలో ఫెలోగా నుండిన జాన్ వెస్లీ తన స్నేహితులతో కూడ చెరసాలలకు వెళ్లి ఖైదీలను దర్శించుచుండెను. 1744 ఆగస్టు 24న సెయింట్ మేరీ పీఠమునుండి విశ్వవిద్యాలయపు భక్తిహీనతను సూటిగా ఖండించినందున, ఆ పీఠమునకు ఆయనను మరల పిలువలేదు. వాధం కాలేజిలో చదివిన హెన్రీ వాట్సన్ ఫాక్సు, కేంబ్రిడ్జిలో చదివిన రాబర్టు నోబులుతో కూడ 1841లో మన తెలుగు దేశమునకు వచ్చి మచిలీపట్టణములో సేవ ఆరంభించెను. ఫాక్సు ఆరోగ్యము చెడి 1848లో మరణించెను. నోబులు స్వదేశమునకు ఒక్కసారియైనను తిరిగి పోక 1865లో మచిలీపట్టణములోనే కన్నుమూసెను. ఆక్స్‌ఫర్డు గోపురములను చూచితినని చెప్పుకొనుటకంటె, ఆ గోపురముల నీడను విడిచి మన యొద్దకు వచ్చినవారిని జ్ఞాపకము చేసికొనుట నాకు మేలుగా తోచుచున్నది.

ఇండియాకు తిరిగి వచ్చిన తరువాత ఆ సహోదరుని జాడ వెదకితిని. అతడొక చిన్న పట్టణములో పుస్తకములు, కాగితములు అమ్ము దుకాణము పెట్టుకొని బ్రదుకుచుండెను. నన్ను చూచి గుర్తుపట్టి కుర్చీ వేసెను. నేను కూర్చుండక, నిలిచియే అంతయు చెప్పితిని.

అతడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆ కాగితమును నాకు చూపిరయ్యా. నీ సంతకమును అప్పుడే గుర్తుపట్టితిని. నీవు వచ్చి చెప్పుదువని చాల యేండ్లు ఎదురుచూచితిని. తరువాత చూచుట మానుకొంటిని," అనెను. ఆ మాటలు నాకు ఏ తీర్పుకంటెను బరువుగా తోచెను.

క్షమించితినని అతడు వెంటనే అనలేదు. దుకాణములోనుండి ఒక తెల్ల కాగితమును తీసి నా యెదుట పెట్టి, "ఇప్పుడు చెప్పినదంతయు దీనిమీద వ్రాయుము. మా పిల్లలు తండ్రి దొంగ కాడని ఇన్నాళ్లు నా మాట నమ్మి బ్రదికిరి. వారికి చూపవలెను," అనెను. నేను వ్రాసి, సంతకము చేసితిని. అదే చేయి, అదే సంతకము. ఆ సంస్థకును ఒక ప్రతి పంపితిని. సాయంకాలమున అతడు నాతోకూడ బస్సు స్టాండువరకు నడిచి వచ్చి, బస్సు కదలువరకు నిలిచెను. ఆ తరువాత మూడు మాసములకు అతని యొద్దనుండి ఒక ఉత్తరము వచ్చెను. అందులో అతడు నన్ను "సహోదరుడా" అని సంబోధించెను.

ప్రియ పాఠకుడా, ప్రియ పాఠకురాలా, నీ కుడిచేయి ఏ కాగితముమీద నున్నది? ఏ ఆస్తి పత్రముమీద, ఏ అబద్ధ సాక్ష్యముమీద, అన్నదమ్ములను విడదీసిన ఏ ఉత్తరముమీద నున్నది? ఆక్స్‌ఫర్డునకు పోనక్కరలేదు. నీవు అన్యాయము చేసిన సహోదరుని ఇల్లు అంతకంటె దగ్గర. అతడు ఇంకను ఎదురుచూచుచుండగానే వెళ్లుము. ఎదురుచూచుట మానుకొనియున్నను వెళ్లుము.

ప్రార్థన: మా కొరకు గాయపడిన హస్తములుగల ప్రభువా, భయముచేత మేము వ్రాసిన అబద్ధమును నీ వెలుగులో మాకు చూపుము. నీ సిలువయొద్ద మా ఋణపత్రము కొట్టివేయబడెనని నమ్మి, మా సహోదరుని యొద్దకు నడచిపోవు ధైర్యమును దయచేయుము. మా చేయి ఇకమీదట సత్యమునే వ్రాయునట్లు దానిని నీ చేతిలో పట్టుకొనుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.