కోత యంత్రము – గృహస్థ ధర్మము

అన్నము తినని మానవుడు లేడు. ఆ అన్నము పొలము నుండి విస్తరిలోనికి వచ్చువరకు ఎన్ని చేతులు మారుచున్నదో, ఎన్ని ప్రాణుల నడుమ నుండి వచ్చుచున్నదో తలచువారు మాత్రము కొద్దిమందియే. ఇప్పుడు ఆ చేతుల స్థానమున ఒక పెద్ద యంత్రము వచ్చి నిలిచినది. పైరు కోయుట, నూర్చుట, తూర్పారబట్టుట అను మూడు పనులను అది ఒక్క నడకలో ముగించుచున్నది. ఇది మంచిదా, చెడ్డదా అని రచ్చబండల మీద వాదములు జరుగుచునే యున్నవి. కాని ధర్మదృష్టితో చూచువారికి అసలు ప్రశ్న అది కాదు. యంత్రము వలన మిగిలిన కాలము, మిగిలిన సొమ్ము ఎవరివి? వానిలో ఎవరికెంత బాకీ యున్నది? విచారింపవలసినది ఇదియే.

కర్ణాటకములో తుంగభద్ర ఎడమ కాలువ క్రింది ఆయకట్టు ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణము. 1953లో జలాశయము నుండి నీరు వదలిన తరువాత కోస్తా జిల్లాల తెలుగు రైతులు అనేకులు అచ్చటికి వలస వచ్చి, ‘క్యాంపులు’ అను పేరుతో ఊళ్లు కట్టుకొని, గంగావతి, సింధనూరు ప్రాంతముల మెట్ట భూములను వరి మాగాణులుగా మార్చిరి. మొదటి తరము వారు కొడవళ్లతో కోసిరి. నేడు కోతల కాలము వచ్చునప్పటికి పొలముగట్ల మీద కొడవళ్లు కానరావు. బురదలో దిగబడకుండ ఇనుప పట్టాల మీద నడచు యంత్రములు గంటల లెక్కన బాడుగకు వచ్చి, ఒక పొలము ముగించి మరియొక పొలములోనికి సాగిపోవుచుండును.

పూర్వపు కోత ఎట్లుండెడిదో పెద్దలకు తెలిసినదే. ఒక ఎకరము వరి కోయుటకు ఎనిమిది, పది మంది ఒక దినమంతయు నడుము వంచవలెను. కోసిన పనలు రెండు మూడు దినములు ఎండవలెను. పిమ్మట కట్టలు కట్టి, మోపులు మోసి, కుప్ప వేసి, తీరిక చూచుకొని కళ్లములో నూర్చెడివారు. ఈ ఆలస్యములో ఒక విశేషము కలదు. ప్రతి మెట్టు దగ్గరను ఒకరికి కొంత ముట్టెడిది. కోసినవారికి కూలిగింజలు, రాలిన వెన్నులు ఏరుకొను ముసలివారికి, పిల్లలకు పరిగె, కళ్లము దగ్గర కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి మేర, పశువులకు గడ్డి, మిగిలిన గింజ పిచ్చుకలకు. ఎవరును దానమని పేరు పెట్టి ఇచ్చినది కాదు. పని జరుగు పద్ధతిలోనే పంపకము ఇమిడి యుండెడిది.

అయినను ఆ కాలమంతయు ధర్మయుగమని చెప్పుట పొరపాటు. ఆ కూలి చాలీచాలనిది. మేరను నమ్ముకొన్న కుటుంబములు తరతరములు ఒకరి గుమ్మము ముందు నిలువవలసి వచ్చెడిది. కోతల దినములలో పిల్లలకు బడి లేదు. తుపాను మబ్బు పట్టిననాడు కూలీలు దొరకక పండిన పంట నీళ్లలో మొలకెత్తుట చూచిన రైతు ఎవ్వడును యంత్రమును తిట్టడు. నడుము వంచి కొడవలి పట్టని వారే కొడవలిని ఎక్కువగా పొగడుదురు. ఈ మాట ముందుగా ఒప్పుకొనిన పిమ్మటనే యంత్రమును గూర్చి మాటాడుట న్యాయము.

ఈ యంత్రము నిన్నమొన్నటిది కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున హైరమ్ మూర్ అను నతడు కోతను నూర్పిడిని ఒకే బండిలో కలిపి, తన భాగస్వామితో 1836లో దానికి పేటెంటు పొందెను. దానిని లాగుటకు ఇరువది గుర్రముల వరకు కావలసి వచ్చెడిది. తరువాత ఒక శతాబ్దమునకు, 1938లో, మాసీ-హారిస్ కంపెనీ గుర్రముగాని ట్రాక్టరుగాని లాగనక్కరలేక తనంతట తాను నడచు యంత్రమును అమ్మకమునకు తెచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1944లో, అట్టి యంత్రములు 500 ఒక దండువలె అమెరికా గోధుమ పొలముల వెంట దక్షిణము నుండి ఉత్తరమునకు నడచి, పది లక్షల ఎకరములకు పైగా కోసినవి. మన దేశమున 1980 ప్రాంతములో పంజాబులో స్వదేశీ యంత్రముల తయారీ మొదలై, క్రమముగా అన్ని రాష్ట్రములకును వ్యాపించినది.

యంత్రము వచ్చినచోట కూలివాని గతి యేమి అను ప్రశ్నయు పాతదియే. ఇంగ్లండులో కూలీలకు చలికాలమంతయు కర్రలతో గోధుమ నూర్చుటయే జీవనాధారము. నూర్పిడి యంత్రములు వచ్చి ఆ పని పోగొట్టినవి. 1830 ఆగస్టు చివర కెంటు జిల్లాలో మొదలై దక్షిణ ప్రాంతమంతటను కూలీలు ఆ యంత్రములను పగులగొట్టిరి. ప్రభుత్వము 19 మందిని ఉరితీసినది. సుమారు 500 మందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియా ఖండమునకు పంపినది. యంత్రములు కొన్నాళ్లు ఆగి మరల వచ్చినవి. దీని నుండి నేర్వదగినది ఏమి? ఇనుమును పగులగొట్టినందువలన ఆకలి తీరదు. ఆకలిగొన్నవానిని ఉరితీసినందువలన ధర్మము నిలువదు. యంత్రము తెచ్చిన లాభములో వానికి భాగమున్నదని ఆనాడు తలచియుండిన ఈ రెండు నష్టములును తప్పెడివి.

యంత్రము ఎవరి సొత్తును దొంగిలించుట లేదు. అది చేయుచున్న పని మరియొకటి. ఇచ్చుటకు ఉన్న సందర్భమును అది తీసివేయుచున్నది. కళ్లము లేనిచోట మేర అడుగుటకు ఎవరు వత్తురు? పట్టాల క్రింద నలిగిన నేలలో పరిగె ఏరువారెవరు? యజమాని పిసినారి యయినందువలన కాదు. ఇచ్చు ఘడియయే రాకపోవుటచేత ఇచ్చుట ఆగిపోయినది. పూర్వము అలవాటు చేయించిన దానిని ఇకమీదట మనస్సు చేయవలెను. కోతకు ముందే ఇంత భాగము అని తీసి, ఊరిలో పని పోయిన వృద్ధులకో, విధవలకో, కూలివారి పిల్లల చదువులకో చేర్చువాడు పాత కళ్లము ధర్మమును నిలిపినవాడగును. తీయనివాడు ఎవరి ఇంటను దొంగిలింపకపోయినను, పరులకు అందవలసినది తనయొద్ద నిలుపుకొన్నవాడే యగును.

ఇక జీవదయ విషయము. పండిన పైరు కేవలము గింజల పొలము కాదు. అందులో ఎలుకలు, కప్పలు, పాములు, మిడుతలు, నేలమీద గూడు పెట్టుకొను పక్షులు కాపురముండును. కొడవలి వరుస మెల్లగా జరుగునప్పుడు అవి ముందుకు పారిపోయెడివి. యంత్రమునకు కన్నులు లేవు, ఓపికయు లేదు. గృహస్థునికి హింస పూర్తిగా విడుచుట సాధ్యము కాదని తెలిసియే జైన శాస్త్రకారులు దానిని నాలుగు విధములుగా చెప్పిరి: బుద్ధిపూర్వకముగా చేయు సంకల్పీ హింస, గృహకృత్యములలో జరుగు ఆరంభీ హింస, వృత్తిలో జరుగు ఉద్యోగీ హింస, ఆత్మరక్షణలో జరుగు విరోధీ హింస. శ్రావకుడు మొదటిదానిని పూర్తిగా విడువవలెను. తక్కినవి తప్పనిసరియైనంత వరకే. వ్యవసాయము ఉద్యోగీ హింస క్రిందికి వచ్చును.

‘తప్పనిసరి’ అను మాటను ఇచ్చట జాగ్రత్తగా తూచవలెను. తప్పించుటకు వీలున్నదానిని తప్పింపక ఉద్యోగీ పద్దులో వ్రాసికొనుట దొంగలెక్క. బ్రిటనులో నేలగూడు పక్షియొకటి నశించిపోవుచుండగా, దానిని కాపాడదలచిన రైతులు గడ్డిని అంచుల నుండి లోపలికి గాక, నడుమ నుండి బయటికి కోయుట అలవాటు చేసికొనిరి. అంచుల నుండి కోసినచో ప్రాణులన్నియు నడుమకు చేరి చివరి చాలులో చిక్కును. నడుమ నుండి కోసినచో గట్టు వైపునకు పారిపోవుటకు దారి దొరకును. ఫ్రాన్సు, స్పెయిను దేశములలో గోధుమ చేలలో గూడు పెట్టు ఒక జాతి గద్ద పిల్లలను కోతకు ముందు వెదకి, ఆ చోటు వదలి కోయునట్లు కొందరు ఏటేట శ్రమపడుచున్నారు. దీనికి పెద్ద ఖర్చేమియు లేదు. కావలసినది జాగ్రత్త మాత్రమే.

కోత తరువాత వచ్చు నిప్పు ఇంతకంటె పెద్ద విషయము. యంత్రము వెన్నులను కోసికొని మోళ్లను నిలువుననే వదలును. నలిగిన గడ్డిని నేలపై చల్లిపోవును. పంజాబులో భూగర్భజలము అడుగంటుచున్నదని 2009లో చట్టము చేసి వరి నాట్లను జూన్ వరకు వెనుకకు జరిపిరి. నీటికి అది మేలే. కాని వరికోతకు, గోధుమ విత్తుటకు మధ్య వ్యవధి మూడు వారముల వరకు తగ్గిపోయినది. గడ్డి ఏరుటకు తీరిక లేక, కూలి గిట్టక, అగ్గిపుల్ల సులభమైనది. 2015లో జాతీయ హరిత న్యాయస్థానము దీనిని నిషేధించినను, శీతకాలమున ఆ పొగ ఢిల్లీ వరకు ప్రాకుచునే యున్నది. దక్షిణమునను గడ్డి కాల్చు అలవాటు కొన్నిచోట్ల ప్రవేశించినది. భూమికి చేరవలసిన నత్రజని గాలిలో కలియుచున్నది. పశువుల మేత బూడిద యగుచున్నది. యంత్రమునకు తప్పించుకొని మోళ్లలో దాగిన ప్రాణులు మంటకు తప్పించుకొనలేకున్నవి.

హేమచంద్రాచార్యుని యోగశాస్త్రములో శ్రావకుడు విడువవలసిన పదునైదు వృత్తులు చెప్పబడినవి. వానిలో యంత్రములతో నలుగగొట్టు యంత్రపీడనమొకటి. అడవులకు నిప్పుపెట్టు దావాగ్నిదానము మరియొకటి. ఆనాటి యంత్రము గానుగ. ఆనాటి మంట అడవిది. మాటలు పాతవైనను విషయము పాతబడలేదు. యంత్రము కోయునప్పటి హింస ఆహారము కొరకైనది. దానికి తప్పనిసరి యను పేరు కొంతవరకు చెల్లును. నిప్పు పెట్టుట మాత్రము చేతితో, తలచి, తెలిసి చేయు పని. గడ్డిని కట్టలు కట్టు యంత్రము ఉన్నది. మోళ్లు తీయకుండనే గోధుమ విత్తు యంత్రమును ఉన్నది. సాధనము అందుబాటులో ఉండి కూడ నిప్పు పెట్టువాడు ఏ పద్దులో వ్రాసికొనునో తానే చూచుకొనవలెను. సాధనము కొనలేని చిన్నరైతును నిందించుటకు ముందు, దానిని పదిమంది కలిసి కొని ఇచ్చుట ఊరి పెద్దల విధి.

ఇంతవరకు రైతును గూర్చి చెప్పుకొన్నాము. వర్తకుడు ఇందులో చేతులు కడుగుకొని కూర్చుండుటకు వీలులేదు. కొడవలి నాటి ధాన్యము పనల మీదనే ఎండి, కుప్పలో నిలిచి, రైతు ఇష్టమైనప్పుడు బజారునకు వచ్చెడిది. యంత్రపు ధాన్యము తడిగా, ఆ సాయంకాలమే ట్రాక్టరులో వచ్చును. తేమ నూటికి 20 దాటి యుండుట సాధారణము. ఆరబోయుటకు కళ్లము లేదు, రోడ్డుమీద పోయవలెను. వాన భయము, దొంగ భయము. ఊరంతయు ఒకేసారి కోసినందున బజారులో ఒకేసారి కుప్పలు పడును, ధర పడిపోవును. రైతు అడిగిన ధర కాదు, వచ్చిన ధరకు ఇచ్చివేయును. యంత్రపు తొందర వలన కలిగిన లాభము ఎవరికి చేరుచున్నదో ఇచ్చట తేటపడును.

ప్రభుత్వ కొనుగోలులో ధాన్యమునకు తేమ నూటికి 17 మించరాదని నియమము. ఒక లెక్క చూడుడు. 22 వంతుల తేమగల 100 కిలోల ధాన్యములో తేమ పోగా మిగులు సారము 78 కిలోలు. దానిని 17 వంతుల తేమకు ఆరబెట్టినచో సుమారు 94 కిలోలు నిలుచును. కనుక న్యాయమైన తరుగు ఆరు కిలోలు. ఆరబెట్టు ఖర్చు ఉన్నచో రైతు ఎదుట చెప్పి వేరుగా కోసికొనవచ్చును. చెప్పకుండ, తేమ పేరు మీద కాటాలో తీసికొన్న ఏడవ కిలో ఎవరిది? కొలతలు తగ్గించుట, హెచ్చించుట అస్తేయ వ్రతమునకు అతిచారమని తత్త్వార్థసూత్రమే చెప్పుచున్నది. తడిసిన గింజతో, పొద్దుగూకునప్పుడు, అప్పు తలచుకొనుచు నిలిచినవాని దగ్గర తీసిన ఏడవ కిలో, ఎండిన గింజతో ధీమాగా నిలిచినవాని దగ్గర తీసిన దానికంటె బరువైనది. కాటాకు ఆ భేదము తెలియదు. కాటా పట్టినవానికి తెలియును.

యంత్రమునకు పుణ్యము లేదు, పాపము లేదు. దానిని ఏ వైపు నుండి నడిపింపవలెనో, మిగిలిన గడ్డిని ఏమి చేయవలెనో, వచ్చిన గింజను ఎట్లు తూచవలెనో నిర్ణయించునది మనుష్యుడే. కొడవలి కాలమున మంచితనములో సగము పని తానే చేసిపెట్టెడిది. ఇప్పుడు పని ముగిసిన పిమ్మట మంచితనమును వేరుగా మొదలుపెట్టవలసి యున్నది. ఎకరము ఒక గంటలో ముగిసినది. మిగిలిన దినమంతయు రైతు చేతిలోను, వర్తకుని చేతిలోను ఉన్నది. అందులో ఒక్క ఘడియయైనను, కోత లేక కూర్చున్న కూలివానిని గూర్చియు, గట్టు చేరలేకపోయిన ప్రాణిని గూర్చియు, ఏడవ కిలోను గూర్చియు తలచినచో ఆ యింటి అన్నము నిర్మలమగును.